డప్పు ఆగిన చోట మొదలయ్యే మాట

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాటింపు పనితనం డప్పు తయారీ దగ్గరే మొదలవుతుంది. వేపచెక్క ముక్కలను వంపుగా చెక్కి, ఒకదానికొకటి అతికి గుండ్రటి చట్రం చేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప చట్రం వచ్చేసింది. నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును దాని మీద పరిచి, చింతగింజల జిగురుతో అంటించి, అంచులు లాగి కట్టి ఆరబెడతారు. తోలు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, ముడుచుకునేకొద్దీ బిగుస్తుంది.

ఆ బిగువు గాలిలో తేమ తగిలితే సడలుతుంది. అందుకే బయల్దేరే ముందు ఎండుగడ్డి మంట వేసి డప్పుకు సెగ చూపిస్తారు. ఒకేచోట నిలపకుండా తిప్పుతూ, మధ్యమధ్య వేళ్లతో తట్టి చూస్తారు. మొదట బొంగురుగా పలికిన తోలు కాసేపటికి ఖంగుమంటుంది. సెగ తక్కువైతే మోత దూరం పోదు, ఎక్కువైతే తోలు పగులుతుంది. ఎప్పుడు చాలించాలో చెప్పేది ఆ తట్టే వేలే.

డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది. కుడిచేతిలో పొట్టిగా, లావుగా చిర్ర. ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. చిర్రతో కొడితే గంభీరమైన మోత, సిటికెన పుల్లతో కొడితే పదునైన చప్పుడు. పెండ్లికి, చావుకు, బోనాలకు దరువులు వేరు. చాటింపు దెబ్బలో హంగులు తక్కువ. దాని పని ఆగిపోవడం కోసం మోగడం! దరువు సాగినంతసేపు ఇంట్లో వాళ్లు పని చేసుకుంటూనే ఉంటారు. అది టక్కున ఆగగానే చెవులు అటు తిరుగుతాయి. అప్పుడు మాట మొదలవుతుంది:

"ఇందుమూలంగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా..."

పాత కచేరీ భాష అని దీన్ని తీసిపారేయకండి. దీని అమరిక చూడండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. మామూలుగానైతే విషయమంతా చెప్పి "అని తెలియజేస్తున్నాం" అని ముగించాలి. ఆ మాట ఎవరికి సంబంధించినదో అప్పటిదాకా తేలదు. "తెలియజేయునది ఏమనగా" ఆ క్రియను తెచ్చి ముందు నిలబెడుతుంది. ఎవరికి చెబుతున్నారో ముందే తేలిపోతుంది, అసలు సంగతి వెనక వస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఈ ముందుమాటలో కబురేమీ లేదు. చేతిలో పని వదిలి గడప దాటేలోపు ఎవరికైనా పోయేది ఈ నాలుగు ముక్కలే. "రేపు పొద్దుగాల తొమ్మిది గంటలకు పంచాయతీ కాడ గ్రామసభ ఉన్నది, అందరు రావాలె హో..." అన్న అసలు మాట అందరికీ అందుతుంది. చివరి "హో" కూడా ఊరికే పెట్టింది కాదు. నోరు గుండ్రంగా తెరిచి, ఊపిరి ఉన్నంత దూరం సాగదీయగల అచ్చు అందులో ఉంది.

బొడ్రాయి కాడ, చావడి ముందు, ప్రతి మలుపులో ఇదే తంతు. వేళ కూడా చూసుకోవాలి. చేన్ల నుంచి జనం ఇల్లు చేరిన పొద్దు అయితేనే కబురు చేరుతుంది.

ఈ పనికి చట్టంలోనూ చోటుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 54వ నిబంధన ప్రకారం స్థిరాస్తిని జప్తు చేస్తే, ఆ ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గరే డప్పు కొట్టించో, అక్కడి ఆనవాయితీ ప్రకారమో చాటించాలి. తర్వాత నకలును ఆస్తి మీద, ఆపైన కోర్టు భవనం మీద అంటించాలి. చెవికి ఒక దారి, కంటికి ఒక దారి. ప్రాచీన రోమ్‌లోనూ ఈ రెండు దారులుండేవి. కేకవేసి చెప్పడానికి ప్రేకో అనే ఉద్యోగి ఉండేవాడు. ప్రేటర్ అనే న్యాయాధికారి పదవిలోకి రాగానే తాను న్యాయం ఎలా నడుపుతాడో తెల్లపూత పలక మీద రాయించి పెట్టించేవాడు. ఆ పనికి లాటిన్‌లో ఎడికెరె అన్నది క్రియ. పదిమందిలో చెప్పడం, ఆజ్ఞ వేయడం, ఎన్నికకో సభకో రోజు ఖాయం చేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఊళ్లో చాటింపు వేశారంటే మనకూ అంతే. గ్రామసభ రోజు ఖాయమైపోయినట్టే.

ఇంత నేర్పున్న పని మాదిగ కుటుంబాల మీద తరతరాలుగా వెట్టిగా పడింది. ఊరందరికీ కబురు చెప్పినవాళ్లను ఊరి చివరే ఉంచారు. ఇది చెప్పకుండా ఆ డప్పును మెచ్చుకోవడం అన్యాయం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు మొదలుపెట్టిన ఎస్సీ వర్గీకరణ ఉద్యమం, చాటింపుకు మరో పేరైన దండోరా పేరుతోనే జనంలోకి వెళ్లింది. తెలంగాణలో వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆటోకు మైకు కట్టి చాటింపులు వేస్తున్నారు. గొంతు పెద్దదే, కానీ బండి కదులుతూ ఉంటుంది. సగం మాట ఒక వాకిట్లో, సగం ఇంకో వాకిట్లో పడుతుంది. డప్పు మనిషి నిలబడి చెబుతాడు. "ఏ టైముకే అన్నా?" అని ఏ ముసలమ్మ అడిగినా, టైము మళ్లీ చెప్పాకే ముందుకు కదులుతాడు.