కర్త ఎవరు?

బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థులకు ఒకసారి సొంత జీవితంలోని సంఘటన ఏదయినా తీసుకుని రెండు పేజీల వ్యాసం రాసుకురమ్మన్నాను. నలభై కాగితాల్లో ఒకటి నన్ను పట్టుకు కూచుంది. రాసిన అమ్మాయి తండ్రి హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో పవర్ ప్రెస్ మీద పనిచేసేవాడు. 2024 వానాకాలంలో ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. ఆ సంగతిని ఆ అమ్మాయి ఇలా రాసింది: "విధి వక్రించి మా నాన్న చెయ్యి మిషన్‌లో పడి మూడు వేళ్లు తెగిపోయాయి."

వ్యాకరణరీత్యా ఇందులో తప్పు లేదు. ఎర్రసిరాతో నేను దిద్దవలసిందీ లేదు. వాక్యం పక్కన "బాగుంది" అని రాయబోయి ఆగాను. ఈ వాక్యంలో కర్త ఎవరు? మొదట విధి, తరవాత చెయ్యి, చివరకు వేళ్లు. వక్రించింది విధి, పడింది చెయ్యి, తెగినవి వేళ్లు. మిషన్ వుంది గాని అది ఏమీ చెయ్యలేదు, ఊరికే వుంది. మిషన్ పెట్టినవాడు అసలే లేడు.

తెలుగులో క్రియలు జంటలుగా వుంటాయని వ్యాకరణం చదివిన ప్రతివాడికీ తెలుసు. తెగు, తెంచు. కాలు, కాల్చు. కూలు, కూల్చు. మోగు, మోగించు. చచ్చు, చంపు. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. మొదటి మాట వాడితే జరిగింది చెప్పవచ్చు, చేసినవాణ్ని చెప్పకపోవచ్చు. రెండో మాట ఎత్తుకున్నామా, "ఎవరు?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పని జాగాల్లో జరిగే చావుల విషయంలో మన పత్రికలు, మన ప్రకటనలు, చివరకు మన కథలు కూడా ఎప్పుడూ మొదటి మాటనే ఎత్తుకుంటున్నాయి. గోడ కూలింది. బాయిలరు పేలింది. గ్యాసు లీకయింది. పన్నెండుమంది చనిపోయారు.

"ప్రమాదం" అన్న మాట సంగతే చూడండి. సంస్కృతంలో దాని అర్థం ఏమరుపాటు, చెయ్యవలసినదాన్ని ఉపేక్షించటం. భగవద్గీత పద్నాలుగో అధ్యాయంలో తమోగుణ లక్షణాలు చెప్పేచోట నిద్ర, ఆలస్యం పక్కన ప్రమాదాన్ని కూచోబెట్టారు. ధమ్మపదంలో రెండో వర్గానికి పేరే అప్రమాద వర్గం. అంటే ఒకనాడు ప్రమాదం మనిషిలో వుండే దోషం. ఇవాళ అది మనిషి మీద పడే సంఘటన అయింది. నేరం పేరు మోసిన మాట, ఆ నేరాన్ని కప్పే దుప్పటిగా మారింది. అర్థపరిణామం గురించి క్లాసులో పాఠం చెప్పేటప్పుడు చీర, కంపు లాంటి మాటలు ఉదాహరణలుగా ఇస్తూంటాం. ఈ ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు తగల్లేదు.

ఈ విషయంలో సాహిత్యం బాధ్యత ఎంత అని ఆలోచిస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది మన సాహిత్యం కాదు, ఇంగ్లీషు సాహిత్యం. 1844లో ఇంగ్లండు ఫ్యాక్టరీ చట్టం యంత్రాల తిరిగే భాగాలకు కంచె కట్టాలన్నది. మిల్లుల్లో పైకప్పు కింద పొడుగాటి ఇరుసులు తిరుగుతూ వుండేవి. వాటి మీదుగా తోలుపట్టీలు కింద మగ్గాలను నడిపేవి. పట్టీ సరిచేసే మనిషిని ఆ పట్టీ చుట్టుకుంటే ఇరుసు అతన్ని పైకి లాక్కుపోయి కప్పుకేసి కొట్టేది. ఏడడుగుల పైన వున్న ఇరుసుకు కంచె దేనికి, అంత ఎత్తున ఎవరు తగులుతారు అన్నది యజమానుల వాదన. ఎత్తున వున్నది కూలివాణ్ని ఎత్తుకుపోతుందని వాళ్లకు తెలియక కాదు.

1854 ఏప్రిల్‌లో డికెన్స్ నడిపే వారపత్రికలో హెన్రీ మోర్లీ దీని మీద వ్యాసం రాశాడు. అదే పత్రికలో ఆ నెలలోనే డికెన్స్ కార్మిక నగరాన్ని గురించిన తన నవల "హార్డ్ టైమ్స్" ధారావాహికగా మొదలుపెట్టాడు. ఆ నవల ప్రూఫుల్లో కథానాయకుడైన మరకూలీ, తాను ప్రేమించిన స్త్రీ చెల్లెలి చెయ్యి యంత్రం లాగేసిన సంగతి ఎత్తి కోపంగా మాట్లాడే ఘట్టం ఒకటి వుంది. దానికి అడుగున మోర్లీ వ్యాసాన్ని చూడమని సూచన కూడా వుంది. అచ్చయిన నవలలో ఆ ఘట్టమూ లేదు, ఆ సూచనా లేదు. డికెన్స్ తీసేశాడు. ఫలితం ఏమయింది? నవలలో కార్మికుడి కష్టం మిగిలింది, సహనం మిగిలింది, కన్నీరు మిగిలింది. కంచె మాత్రం వారపత్రిక వ్యాసంలోనే వుండిపోయింది. నూట డెబ్బయి ఏళ్లుగా నవలను చదివేవాళ్లున్నారు. వ్యాసాన్ని చదివేవాళ్లు పరిశోధకులు.

డికెన్స్‌ను తక్కువ చెయ్యటానికి ఈ మాట అనటం లేదు. ఆ పత్రిక ఆ తరవాత కూడా ఈ విషయాన్ని వదలలేదు. అవతలి పక్షానికి కలం అరువిచ్చింది మరొకరు, హారియట్ మార్టినో. బానిసత్వాన్ని ఖండించిన రచయిత్రి. 1855లో ఆమె రాసిన కరపత్రాన్ని ఫ్యాక్టరీ యజమానుల సంఘమే అచ్చువేసింది. చట్టం ఇలా జోక్యం చేసుకోరాదని అందులో వాదన. అభ్యుదయం ఒక గుమ్మం దగ్గర ఆగిపోవటం అంటే ఇదే.

ఆ యజమానుల సంఘం చేసిన పని మరీ విలువయినది, మనకు పాఠంగా. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు తమ సభ్యుల మీద వేసే కేసుల ఖర్చు కోసం, యంత్రబలంలో ఒక్కొక్క అశ్వశక్తికి రెండు షిల్లింగుల చొప్పున చందా వేసి, 1855 మార్చిలో యాభై వేల పౌన్లు పైగా పోగుచేశారని మార్క్స్ "పెట్టుబడి"లో రాశాడు. ఆ డబ్బుతో కంచెలు కట్టించవచ్చునన్న ఆలోచన వాళ్లకు రాకపోలేదు. లెక్క వేసుకున్నారు, అంతే. కంచె కట్టనందుకు ఎదుర్కోవలసిన కేసు ఆనాడే ముందుగా తెలిసిన ఖర్చుగా, నూనె ఖర్చు పక్కన ఒక పద్దుగా మారింది. 1856లో పార్లమెంటు ఆ నిబంధనను సడలించింది కూడా.

ఇక్కడ మార్క్స్ విమర్శకులకు నేర్పేది ఒకటుంది. 1867లో వచ్చిన ఆ గ్రంథంలో సగం బలం ఇన్‌స్పెక్టర్ల నివేదికలది. లెనర్డ్ హార్నర్ అనే ఇన్‌స్పెక్టరును పేరు పెట్టి మెచ్చుకున్నాడు. ఎవరూ చదవని సర్కారు కాగితాలను ఆయన కావ్యం చదివినంత శ్రద్ధగా, మాట మాట పట్టుకుని చదివాడు. మనం మార్క్స్‌ను చదివాం. ఆయన చదివినట్టు చదవటం మాత్రం నేర్చుకోలేదు.

మన కాగితాలు చూద్దాం. 1948 కర్మాగారాల చట్టాన్ని నేను మొదటిసారి ఈ వ్యాసం కోసమే పూర్తిగా చదివాను. పొడి వచనం, కాని కర్తను దాచని వచనం. 21వ సెక్షను యంత్రాల ప్రమాదకర భాగాలకు గట్టి కంచె వుండాలనీ, యంత్రం నడుస్తున్నంతసేపూ అది తన చోట వుండాలనీ అంటుంది. 36వ సెక్షను విషవాయువు చేరే తొట్టిలోకి, గోతిలోకి మనిషిని ఎలా దింపకూడదో చెబుతుంది. వీటికి బాధ్యుడు ఎవరు? కర్మాగారం వ్యవహారాల మీద అంతిమ అధికారం ఎవరికి వుందో అతను, అతనితోపాటు మేనేజరు. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకడు. మా విద్యార్థిని రాయలేని కర్త ఈ చట్టంలో వున్నాడు.

కాని అదే చట్టంలో శిక్షల అధ్యాయానికి వచ్చేసరికి వచనం నీరసిస్తుంది. మొదట్లో సాధారణ శిక్ష మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. భోపాల్ తరవాత 1987 సవరణతో అది రెండేళ్లు, లక్ష రూపాయల దాకా పెరిగింది. రక్షణ నిబంధన ఉల్లంఘన వల్ల మనిషి చస్తే జరిమానా 25,000కు తగ్గకూడదన్నారు. ఆ భోపాల్ కేసులోనే, 1984 డిసెంబరు నాటి రాత్రికి 2010 జూన్‌లో తీర్పు వచ్చింది. ఏడుగురికి రెండేళ్ల చొప్పున శిక్ష పడింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి అప్పటి శిక్షాస్మృతిలో గరిష్ఠం అంతే.

2025 నవంబరు 21 నుండి వృత్తిపరమైన భద్రత కోడ్ అమలుకొచ్చింది. మరణం సంభవిస్తే జరిమానా అయిదు లక్షలకు తగ్గరాదనీ, అందులో సగానికి తగ్గకుండా మృతుని వారసులకు ఇప్పించవచ్చుననీ అందులో వుంది. ఇది మంచి మార్పు, ఒప్పుకోవాలి. కాని అదే కోడ్‌లో జరిమానా మాత్రమే వుండే నేరాన్ని గరిష్ఠ జరిమానాలో సగం కట్టి రాజీ చేసుకోవచ్చు. విద్యుత్తుతో నడిచే చోట పదిమంది వుంటే కర్మాగారం అనిపించుకునేది ఇకమీద ఇరవైమంది వుంటే తప్ప అనిపించుకోదు. ఇన్‌స్పెక్టరు పేరుకు సహాయకుడన్న అర్థమిచ్చే తోక తగిలించారు. తెలుగు మేష్టరుగా నేను చెప్పగలిగింది ఒక్కటే: పేరులో వచ్చిన మార్పు అలంకారం కాదు. తనిఖీ చేసేవాడికీ సాయం చేసేవాడికీ వుండే క్రియలు వేరు. మా విద్యార్థిని తండ్రి పనిచేసిన షెడ్డులో పధ్నాలుగుమంది. అతని చెయ్యి పోయిననాడు అది కర్మాగారమే. ఇవాళ అది సంస్థ మాత్రమే. సంస్థకున్న సాధారణ బాధ్యతలు దానికీ వుంటాయి గాని, కర్మాగారం అన్న పేరు పోయింది.

విశాఖపట్నంలో 2020 మే 7న ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, అధికారిక లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. ఆ వారంలో వచ్చిన కవితలు చాలా చదివాను. విషవాయువు కాలసర్పమయింది, మృత్యుదేవత అయింది, పూతన అయింది. ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార సంఘం నివేదిక రెండు నెల్ల తరవాత వచ్చింది. ఆ కర్మాగారంలో సైరన్ మోగించటానికి 36 చోట్ల వీలుందనీ, వాటిలో ఒకటి గేటు దగ్గరే వుందనీ, అయినా మోగించలేదనీ ఆ నివేదిక చెప్పింది. ఆ కవితలన్నీ కలిసి నన్ను కదిలించిన దానికంటే ఈ ఒక్క అంకె ఎక్కువ కదిలించింది. సైరన్ మోగలేదు అని పత్రికలు రాశాయి. మోగించలేదు అన్నది సరయిన తెలుగు. ఆ మాట రాసిన కవి నాకు కనపడలేదు.

నేనూ దీనికి అతీతుణ్ని కాను. కొన్నేళ్ల కిందట ఒక కవితా సంపుటిని సమీక్షిస్తూ, అందులో నెత్తురు తాగే యంత్రరాక్షసి ప్రతీకను ఆకాశానికెత్తాను. ఇప్పుడా సమీక్ష చదువుకుంటే సిగ్గనిపిస్తుంది. యంత్రం రాక్షసి అయితే యజమాని దానికి మరో బాధితుడు. రాక్షసికి గార్డు బిగించటం ఎవరి తరం? ప్రతీక ఎంత భయంకరంగా వుంటే యజమాని అంత సుఖంగా వుంటాడు. మన అభ్యుదయ సాహిత్యం ఆకలిని రాసింది, సమ్మెను రాసింది, కాల్పులను రాసింది. మామూలు పనిదినాన్ని, ఆ దినంలో తప్పిపోయిన ఒక బోల్టును రాయటం తక్కువ. బోల్టులో కవిత్వం లేదని కొందరంటారు. సారా చట్టంలో మాత్రం ఏం కవిత్వం వుంది? రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో వకీలు గనక, కేసు ఎలా కడతారో, సాక్షి చేత ఏం చెప్పిస్తారో తెలిసి, "ఆరు సారా కథలు" రాశాడు. చట్టం మాటను కథలోకి ఎలా తేవాలో ఆయన చూపించి అరవై ఏళ్లు దాటింది. ప్రెస్సుషాపులోకి అలా వెళ్లిన కథకుడి కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.

ఆ ప్రెస్సు సంగతి నాకూ తెలియదు, ఆ అమ్మాయి తండ్రి చెప్పేదాకా. రేకు ముక్కను డై మీద పెట్టి రెండు చేతులతో రెండు బటన్లూ ఒక్కసారే నొక్కాలి. అప్పుడే పైనున్న ర్యామ్ కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద వుంటాయి గనక డై మీద చెయ్యి వుండటానికి వీల్లేదు. ఇదే రక్షణ. కాని ఒక బటనులో చెక్కముక్క దోపి అది ఎప్పుడూ నొక్కి వుండేలా చేస్తే, ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో రేకులు పెడుతూ పోవచ్చు. షిఫ్టుకు ముక్కలు ఎక్కువ దిగుతాయి. ఆ ఎక్కువ ముక్కల కోసమే ఆ చెక్కముక్క. విధి వక్రించటం అంటే బటనులో చెక్క దోపటం.

1923 నాటి పరిహారపు చట్టం పట్టికలో ఒక చేతి వేళ్లు మూడు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టం. పట్టిక స్పష్టం. కాని అదే చట్టంలో ఒక మినహాయింపు వుంది. మరణమో, సంపూర్ణ శాశ్వత వైకల్యమో కాని గాయాల విషయంలో, కార్మికుడు తెలిసి తెలిసి తానే రక్షణ పరికరాన్ని తొలగించి వుంటే యజమాని పరిహారం ఇవ్వనక్కరలేదు. యజమాని వేసిన కౌంటరులో అచ్చంగా ఆ మాటే వుంది. వ్యాసం దిద్ది ఇచ్చిన వారం తరవాత ఆ అమ్మాయి ఆ కౌంటరు నకలు తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"సార్, దీనికి జవాబు రాయాలంట. వకీలు సార్ ముందు మా నాన్న మాటల్లో తెలుగులో రాసుకు రమ్మన్నారు" అన్నది.

ఆదివారంనాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఎడమచేత్తో టీగ్లాసు అందించాడు. జరిగింది మొదటినించీ చెప్పమన్నాను. "చెయ్యి పడ్డది సారూ" అని మొదలుపెట్టాడు. ఆపి, చెక్కముక్క సంగతి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ చెక్క నేను పెట్టలే సారూ. నేను పనిలో చేరిననాటికే అది ఆడున్నది. తీస్తే సూపర్‌వైజర్ మళ్లా పెట్టిండు."

అమ్మాయి కాగితం మీద "పెట్టాడు" అని రాసింది. నేను పక్కన కూచుని, ఎవరు అన్నది వాక్యం మొదట్లో రాయమన్నాను.