ఇంటి మెదడు ఎవరి చేతిలో?

ఇంటిలోని దీపములను, ఫ్యానులను, తలుపు తాళములను ఒక్కచోటినుండి నడపగల పెట్టెకు హబ్ అని పేరు. హబ్ అనగా చక్రనాభి. బండిచక్రపు ఆకులన్నియు నాభిలో కూడినట్లు, పరికరముల సందేశములన్నియు ఈ పెట్టెలో కూడుచున్నవి. ఇట్టి వ్యవస్థలు నేడు అంగడిలో పెక్కు కలవు. వానిని పోల్చువారు ఏది ఎన్ని పరికరములతో కలియునని లెక్కించుచుందురు. ఆ లెక్క అవసరమే గాని చాలదు. చీకటిపడగానే వరండా దీపము వెలుగవలెనన్న నిర్ణయము ఇంటిలోని పెట్టెలో జరుగునా, లేక ఎంతో దూరముననున్న కంపెనీ కంప్యూటరులో జరుగునా అన్నదే అసలు ప్రశ్న.

రేడియో తరంగముల విషయము క్లుప్తముగా చాలును. జిగ్‌బీ, థ్రెడ్ పద్ధతులు 2.4 గిగాహెర్ట్జుల తరంగములను వాడును. జడ్-వేవ్ అంతకంటె తక్కువ పౌనఃపున్యమున పనిచేయును. అది అమెరికాలో 908, మన దేశములో 865 మెగాహెర్ట్జుల ప్రాంతమున నుండును. కనుకనే అమెరికానుండి బంధువులు ముచ్చటపడి తెచ్చిన జడ్-వేవ్ స్విచ్చి ఇచ్చటి హబ్‌తో మాటలాడదు.

ఇక చరిత్ర చూడుడు. రివాల్వ్ అను హబ్ వెల సుమారు 300 డాలర్లు. జీవితకాలపు సేవ ఆ వెలలోనే చేరియున్నదని అమ్మిరి. ఎవరి జీవితకాలమో చెప్పలేదు. 2014లో ఆ సంస్థను నెస్ట్ కొనెను. 2016 మే నెలలో సేవ ఆపివేయగా, చెడిపోని పెట్టె పనికిరానిదైనది. వింక్ అను మరియొక సంస్థ 2020లో నెలకు సుమారు 5 డాలర్ల చందా విధించెను. ఇన్‌స్టియాన్ సర్వర్లు 2022 ఏప్రిలులో చెప్పాపెట్టకుండ ఆగిపోయినవి. ఆ పరికరములు వాడుకొనువారే కొందరు కూడి, కొన్ని వారములకు సంస్థను కొని తిరిగి నడపిరి. ఈ మూడింటిలోను లోపము విద్యుత్తుది కాదు, యంత్రముది కాదు. గోడలోని మామూలు స్విచ్చి ఇరువది యేండ్లు పనిచేయును. దానిని నడపు కంపెనీ అంతకాలము నిలుచునన్న హామీ యెవరిది?

ఈ దృష్టితో చూచిన, అమెజాన్, గూగుల్ వ్యవస్థలు మాటకు లోబడుటలో మిక్కిలి సుకరములు. కాని చెప్పిన మాట చాలవరకు బయటి కంప్యూటర్లకు పోయి రావలసినదే. శాంసంగ్‌వారి స్మార్ట్‌థింగ్స్ మొదట అట్టిదే. ఇటీవల కొంత పని ఇంటిలోని హబ్‌కు మార్చిరి. ఆపిల్ పద్ధతిలో నియమములు ఇంటిలోనే నడచును, అది మెచ్చదగినది. అయితే ఇంటిల్లిపాదికి ఆ కంపెనీ ఫోనులే ఉండవలెను. 2013లో పాలస్ స్కౌట్‌సెన్ ఆరంభించిన హోం అసిస్టెంట్ రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు మీద సైతము నడచును. మూలలిపి అందరికి అందుబాటులో నున్నది. ఓర్పు లేనివారికి మాత్రము అది తలనొప్పియే.

2022 అక్టోబరులో వెలువడిన మాటర్ అను ఉమ్మడి ప్రమాణము ఈ తగవులన్నియు తీర్చునని పలువురి ఆశ. ఒకే బల్బు ఆపిల్, గూగుల్, అమెజాన్ హబ్‌లన్నింటికి లోబడుట, ఆదేశము ఇంటిలోనే పోవుట గొప్ప మేలే. కాని మాటర్ బల్బునకు స్వేచ్ఛ నిచ్చినది, నియమములకు కాదు. ఏ గంటకు ఏది వెలుగవలెనని ఒక హబ్‌లో వ్రాసికొన్నది రెండవ హబ్‌నకు తనంతట మారదు. మరల మొదటినుండి వ్రాయవలెను. ఆ నియమములు కూడ ఒక హబ్‌నుండి మరియొకదానికి మారగలిగిన నాడు గాని ఈ పోటీలో కొనువాడు నిజముగా స్వతంత్రుడు కాడు. అంతవరకు ఇంటిలోనే ఆలోచించు హబ్‌లకే ఎక్కువ ఆయుష్షు కలదని చెప్పవచ్చును.

విద్యార్థులు దీనిని సులువుగా పరీక్షింపవచ్చును. హబ్ ఉన్న ఇంటిలో పెద్దల అనుమతితో ఇంటర్నెట్ తీగను మాత్రము పది నిమిషములు ఊడదీసి, ఇంటిలోని వై-ఫై అట్లే ఉండనిచ్చి, ఏయే దీపములు ఇంకను మాట వినుచున్నవో వ్రాసికొనవలెను.