టక్కుమన్నాదా?

వాన వెలిసిన రాత్రి. లంకెలపాలెం కూడలి దగ్గర జాతీయ రహదారి వదిలి పరవాడ రోడ్డులోకి తిరిగిన పాత కారు ఒకటి గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకి హారన్ దానంతటదే మోగడం మొదలైంది. కారు నడుపుతున్నది ఈ కాలమ్ రాసే మనిషే. అతని చెయ్యి బటన్ మీద లేదు. బటన్ మీద రెండుసార్లు గుద్దాడు, ఆగలేదు. బండి పక్కకు తీసి తాళం చెవి లాగేశాడు, అయినా ఆగలేదు. రోడ్డు వారన ఇళ్లలో ఒక్కొక్క దీపమే వెలిగింది. ఎక్కడో చంటిపిల్ల ఏడుపు అందుకుంది.

షట్టరు దించుకుంటున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన, పెద్ద వయసు మనిషి, నింపాదిగా నడిచొచ్చి బానెట్ ఎత్తమని సైగ చేశాడు.

"ముందు ఫ్యూజు పీకీండి బాబూ. మిగతాది తెల్లారేక సూద్దాం."

ఫ్యూజు ఊడగానే చెవులు గింగుర్లెత్తేంత నిశ్శబ్దం. ఇన్నేళ్లు బండి నడిపిన మనిషికి హారన్ ఎలా మోగుతుందన్న ఆలోచన ఏనాడూ రాలేదు. ఆ రాత్రి వచ్చిన ఆలోచన వేరు: అసలు అది ఎలా ఆగుతుంది?

పరవాడ రోడ్డు మామూలు పల్లె రోడ్డు కాదు. ఒక పక్క 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్న ఎన్టీపీసీ సింహాద్రి, మరో పక్క జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. బూడిద మోసే బల్కర్లు, ద్రావకాల ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు, వాటి సందుల్లోంచి ఆటోలు, బైకులు. రహదారి ఎక్కితే ఉక్కు కర్మాగారం కడ్డీలు మోసే ట్రెయిలర్లు, గంగవరం రేవుకి పోయే లారీలు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పరవాడ అనకాపల్లి జిల్లాలో చేరింది. బళ్లు మాత్రం విశాఖ బళ్లే, మరమ్మతు పెద్దదైతే పరుగు గాజువాక ఆటోనగర్‌కే. చిన్న పనులకి రోడ్డు పక్క దుకాణాలున్నాయి. ఒక బల్ల, ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలు, గోడకి రంగురంగుల వైరు చుట్టలు, మేకుకి వేలాడే పాత హారన్లు.

మర్నాడు ఆ పెద్దాయన దుకాణం ముందు స్టూలేసుకుని ఈ మనిషి ఒక పూటంతా కూర్చున్నాడు.

హారన్ గొంతు చాలా పాత తెలివి. డబ్బీలో రాగి తీగ చుట్ట, దాని ఎదురుగా పలచటి ఉక్కు పొర. చుట్టలోకి కరెంటు పారితే అది అయస్కాంతమై పొరని లాగుతుంది. ఆ లాగుడికే లోపలి పాయింట్లు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, పొర వెనక్కి వచ్చేస్తుంది. పాయింట్లు మళ్లీ కలుస్తాయి. ఇది సెకనుకి సుమారు 400 సార్లు జరిగితే బొంగురు గొంతు, 500 సార్లయితే సన్న గొంతు. కార్లలో రెండూ జోడీగా పెడతారు, జంట సన్నాయిల్లా. వెనకనున్న మర పావు చుట్టు తిప్పితే పాయింట్ల దూరం మారి గొంతు సర్దుకుంటుంది. చాలామంది "హారన్ పోయింది" అని కొత్తది కొనేది ఈ పావు చుట్టు తెలియకే.

కానీ పనితనమంతా గొంతులో లేదు. వేలికీ గొంతుకీ మధ్య ఉంది.

హారన్ జోడీ 12 వోల్టుల బండిలో 8, 10 ఆంపియర్లు తాగుతుంది. అంత కరెంటుని బ్యాటరీ నుంచి స్టీరింగ్ దాకా లాగి, బటన్ గుండా తిప్పి, మళ్లీ ముందు గ్రిల్ దాకా తేవాలంటే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకి సుమారు 0.023 ఓముల నిరోధం. అయిదు మీటర్లు తిరిగొస్తే, 10 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పైనే దారిలో కరిగిపోతుంది. జాయింట్లలో పోయేది వేరే. హారన్‌కి చేరేది బక్కచిక్కిన కరెంటు. పైగా వేలు తీసిన ప్రతిసారీ బటన్ పాయింట్ల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. కొన్నాళ్లకి అవి మాడిపోతాయి, లేదా అతుక్కుపోతాయి.

అందుకే మధ్యలో రిలే వచ్చింది. అగ్గిపెట్టె కన్నా చిన్నది, నల్లటి ప్లాస్టిక్ ఘనం. లోపల మరో తీగ చుట్ట. దానికి ఆంపియరులో ఆరో ఏడో వంతు చాలు. బటన్ ఆ చిన్న కరెంటుని మాత్రమే నడుపుతుంది. చుట్ట అయస్కాంతమై లోపలి బరువైన పాయింట్లని లాగి కలిపితే, పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి దగ్గర దారిలో హారన్‌కి వెళ్లిపోతుంది. ఈ ఏర్పాటు టెలిగ్రాఫ్ కాలం నాటిది. దూరం పోయేకొద్దీ నీరసించే సంకేతాన్ని అందుకుని కొత్త బ్యాటరీ బలంతో ముందుకు పంపేవారు. పేరు ఇంకా పాతది, అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీ పద్ధతి నుంచి వచ్చింది.

రిలే అడుగున నాలుగు కాళ్లు, వాటి పక్కన నాలుగు అంకెలు: 30, 85, 86, 87. జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన ఈ అంకెలు ఎన్నో దేశాల బళ్లలో ఇవే. 30కి బ్యాటరీ సప్లై, 87 నుంచి హారన్, 85, 86 మధ్య చుట్ట. బడి చదువు మధ్యలో మానేసిన కుర్రాడు కూడా ఈ దుకాణాల్లో ఈ నాలుగు అంకెలూ ఇంటి నంబరులా చెబుతాడు.

ఇక తప్పు పట్టుకోవడం. ఆ పూట అసలు పాఠం ఇదే. మోగని హారన్‌తో ఒక బండి వచ్చింది. శిష్యుడు నేరుగా హారన్ విప్పబోయాడు. పెద్దాయన ఆపాడు.

"హారన్ ఇనకురా, ముందు రిలే ఇను. టక్కుమన్నాదా?"

కుర్రాడు బటన్ నొక్కి చెవి ఫ్యూజుల డబ్బా దగ్గర పెట్టాడు. "అన్నాది మావా."

ఆ ఒక్క చప్పుడుతో సగం బండి పరీక్ష నెగ్గేసింది. రిలే టక్కుమందంటే బటన్ బాగుంది, స్టీరింగ్ లోపలి వైరు బాగుంది, చుట్ట బాగుంది. ఇక మిగిలింది పెద్ద కరెంటు దారి: ఫ్యూజు, రిలే పాయింట్లు, హారన్, దాని ఎర్త్. టక్కుమనకపోతే తప్పు ఇటువైపే, హారన్ జోలికి పోనక్కర్లేదు. తర్వాత రిలే పీకి, సాకెట్లో 30నీ 87నీ చిన్న వైరు ముక్కతో కలుపుతారు. హారన్ మోగితే రిలే పాయింట్లు పోయాయి. మోగకపోతే టెస్ట్ ల్యాంప్ పట్టుకుని సప్లై ఎక్కడిదాకా వస్తోందో ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోతారు. వైద్యుడు నాడి పట్టినట్టే. కంప్యూటరూ అక్కర్లేదు, ఖరీదైన మీటరూ అక్కర్లేదు. వరసగా ఆలోచించే ఓపిక కావాలి, చెవి కావాలి.

ఆ బండిలో ల్యాంప్ హారన్ కాలు దగ్గరా వెలిగింది. అంటే సప్లై వస్తోంది. పెద్దాయన ల్యాంప్ దించి హారన్ బిగించిన బోల్టు విప్పాడు. కింద చాసిస్ రేకంతా తుప్పు, వైరు కొసన పచ్చటి చిలుము. ఎర్త్ లేదు. గరుకు కాగితంతో గీకి, గ్రీజు రాసి, బోల్టు బిగించగానే బండికి గొంతు వచ్చింది. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో సగం జబ్బులు ఎర్త్ జబ్బులే. ఉప్పుగాలి ఇనుముని తుప్పు పట్టిస్తుంది, రాగిని చిలుము పట్టిస్తుంది. దాని మీద బూడిద దుమ్ము, వాన తేమ. ఎర్త్ అంటే అందరికీ చులకన, ఎందుకంటే అది కనిపించదు. వచ్చిన దారినే చూస్తారు గానీ, కరెంటు తిరిగి పోవడానికీ దారి ఉండాలి.

ఈ కాలమ్ రాసే మనిషికి అక్కడ నిజంగా కోపం తెప్పించినది మరొకటుంది. బైకుకి కంపెనీ ఇచ్చిన చిన్న హారన్ తీసేసి, అదే బటన్‌కి, అదే సన్న వైరుకి రెండు పెద్ద హారన్లు తగిలించడం. రిలే ఉండదు, వేరే ఫ్యూజు ఉండదు. ఫ్యూజు ఎగిరితే ఆ స్థానంలో సిగరెట్ పెట్టె వెండి కాగితమో, రాగి పోగో చుట్టేస్తారు. దీనికి "డైరెక్ట్" అని పేరు. ఫ్యూజు ఉన్నదే తాను కాలిపోయి వైరుని కాపాడడానికి. దాన్ని కాలకుండా చేస్తే కాలేది వైరు, ఆ వైరు పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచి. వందల్లో అయిపోయే రిలే, ఫ్యూజు హోల్డరు ఖర్చు మిగుల్చుకోవడానికి ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం ఏ లెక్కనా సబబు కాదు. డైరెక్ట్ పని అడిగినవాళ్లని పెద్దాయన వెనక్కి పంపేస్తాడు. "నాకాడ అవ్వదు" అంటాడు, అంతే.

లారీలది ఇంకో కథ. అక్కడ 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరసగా. ప్రెజర్ హారన్‌కి గొంతు కరెంటు కాదు, గాలి. బ్రేకుల కోసం ట్యాంకులో నిండే గాలినే వాడుకుంటుంది. బటన్ నొక్కితే తెరుచుకునేది ఒక సోలినాయిడ్ వాల్వు. ఒక తరం కిందట ఆర్టీసీ బస్సు డ్రైవరు కిటికీ పక్కన రబ్బరు బుడ్డి పిసికి బాం బాం అనిపించిన గాలే, ఇప్పుడు కంప్రెసర్ బలంతో చెవి మీద పడుతోంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 119వ నిబంధన దీని గురించే. హారన్ ఐఎస్ 1884 ప్రమాణానికి లోబడాలి. రకరకాల స్వరాలు వరసగా పలికేవి, కర్కశంగా బెదరగొట్టేవి ఉండకూడదు. అంబులెన్సులకీ ఫైరింజన్లకీ పోలీసు బళ్లకీ మినహాయింపు వేరు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194ఎఫ్ సెక్షన్ చేరింది. అవసరం లేకుండానో, ఆపకుండానో హారన్ కొడితే అప్పుడు పెట్టిన జరిమానా మొదటిసారి 1000 రూపాయలు, మళ్లీ దొరికితే 2000. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో అత్యవసరమైతే తప్ప హారన్ మోగకూడదు. బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. 2021లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ హారన్లలో వేణువు, తబలా వంటి మన వాద్యాల నాదం వినిపిస్తే బాగుంటుందన్నారు. నాదం మారితే మంచిదే కావచ్చు. నొక్కిన వేలు తీయకపోతే వేణువైనా రొదే.

1908లో అమెరికాలో బజారుకెక్కిన క్లాక్సన్ హారన్ సృష్టికర్త మిల్లర్ రీస్ హచిసన్. అంతకు ముందు అదే మనిషి వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం విద్యుత్ సాధనం తయారుచేశాడు. చెవికి సాయం చేసే పరికరమూ, చెవిని పొడిచే పరికరమూ ఒకే బల్ల మీద పుట్టాయి. ఈ సంగతి చెబితే పెద్దాయన తల ఊపి, చేతిలో పని చేసుకుంటూ పోయాడు.

కొత్త బళ్లలో దారి కొంత మారింది. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ వచ్చాక హారన్ వైరు కూడా దానితోపాటు క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టల రిబ్బను గుండా పోతుంది, గడియారం స్ప్రింగులా చక్రంతోపాటే చుట్టుకుంటూ విప్పుకుంటూ. హారన్ మోగక, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలుగుతుంటే అనుమానం ముందు ఆ రిబ్బను మీదకే పోవాలి. అలాంటి బండి వస్తే పెద్దాయన స్టీరింగ్ ముట్టుకోడు. బ్యాటరీ కాలు తీసి, కొంతసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ విప్పడం నేర్చిన చోటుకి పంపిస్తాడు. తనకి రాని పని చెయ్యననడం కూడా పనితనంలో భాగమే. ఇంకా కొత్తవాటిలో బటన్ చెప్పేది కంప్యూటరు డబ్బాకి, అది రిలేకి చెబుతుంది. చివర్లో మోగేది అదే పాత పొర.

మరి ఆ రాత్రి కారుకి ఏమైంది? చాలా కార్లలో బటన్ ఉండేది ఎర్త్ వైపు. చుట్టకి ఒక కొసన సప్లై ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, తాళం తీసినా సరే. బటన్ నొక్కితే రెండో కొస బండి ఇనుముకి తగులుతుంది, అంతే. ఈ కారులో స్టీరింగ్ గొట్టం కింద బిగించిన రేకు అంచుకి ఆ వైరు ఏళ్ల తరబడి రాసుకుని తొడుగు అరిగిపోయింది. గుంత కుదుపుకి రాగి వెళ్లి రేకుకి తగిలింది. వేలు నొక్కినా, రేకు తగిలినా రిలేకి ఒక్కటే. ఫ్యూజు ఎగరలేదు, ఎందుకంటే ఎక్కువ కరెంటేమీ పారలేదు. తాళం చెవి, బటన్ మీద గుద్దులు ఎందుకు పని చెయ్యలేదో అప్పుడు అర్థమైంది.

పెద్దాయన వైరు అరిగిన మేర కోసి, కొత్త ముక్క అతికి, గొట్టం తొడుగు ఎక్కించి, రేకుకి దూరంగా టై కట్టాడు. ఇక పరీక్ష. దుకాణం పక్కనే బడి, లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆయన ముందు గ్రిల్ దగ్గరకి వెళ్లి హారన్ల కనెక్టర్లు రెండూ ఊడదీశాడు. అప్పుడు ఫ్యూజు పెట్టి, శిష్యుణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. కుర్రాడు చక్రం ఎడమ కొస నుంచి కుడి కొస దాకా తిప్పుతూ బటన్ నొక్కి వదులుతున్నాడు. పెద్దాయన రిలే మీద చూపుడు వేలు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నొక్కినప్పుడు ఒక టక్, వదిలినప్పుడు ఒక టక్. వేలు తీసిన తర్వాతి టక్కు కోసమే ఆయన ఎక్కువసేపు ఆగుతున్నాడు. ముప్ఫై సార్లు దాకా అయింది. బడిలో ఎక్కం పన్నెండోదాకా వచ్చింది, ఎవరూ తల తిప్పి చూడలేదు.