‘వల్లంకి తాళం’ మన పాటకు చెప్పే పాఠం

ఎడపల్లిలో మా తరగతి పిల్లలకు గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ నుంచి ఒక పాటను మొదట చదివి వినిపించిన. పాఠం విన్నట్టే విన్నరు. మరునాడు అదే పాటను నాకు వచ్చిన బాణీలో పాడిన. వెనక కూసున్న పిల్లగాడు బల్ల మీద దరువు అందుకున్నడు. ఈ పుస్తకం బలమేందో, పరిమితి ఏందో నాకు అప్పుడే తెలిసింది.

వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. ‘రేల పూతలు’, ‘అల చంద్రవంక’ తర్వాత వచ్చిన ఈ పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. వల్లంకి ఒక పిట్ట. పిట్టను, వాగును, చెట్టును ఆయన ఇంటి చుట్టాన్ని పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తడు.

జానపద బాణీ, తత్వాల నడక, అమ్మ మాట్లాడే మాట: ఆయన పాట కట్టే సరంజామా ఇదే. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా తెలిసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ చూడండి. ప్రపంచీకరణ మీద ఉపన్యాసం ఉండదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి పనులు ఒక్కొక్కటే ఆగిపోవడం కనిపిస్తది. మన బోధన్‌ వాళ్లకు ఇది కొత్త కాదు. శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్స్ 2015ల మూతపడ్డప్పుడు ఆగిన పనులను మనమూ వరుసగా చెప్పగలం. పాటగా కట్టినోళ్లు ఎంతమంది?

వెలితి కూడా చెప్పాలె. పాడేటప్పుడు గొంతు మోసే పేర్ల వరుస, కాగితం మీద ఒక్కోసారి బరువైతది. అచ్చుల బాణీ వినబడదు. చదివే టీచరుకు బాణీ తెల్వకపోతే సగం పాట పోయినట్టే.

ఈ విద్య మనకు తెలియనిది కాదు. మా గోండుల కథలను ప్రధానులు కీక్రీ వాయించుకుంట తరతరాలుగా పాడుతున్నరు. కానీ అకాడమీ ఏటా పురస్కారం ఇచ్చే 24 భాషలల్ల సంతాలీ ఉంది, గోండీ లేదు. సంతాలీ 2003ల ఎనిమిదో షెడ్యూలుకు ఎక్కింది. దాని వెనుక ఆ భాషల పాడి, రాసి, అచ్చు వేసినోళ్ల కష్టం ఉంది.

మన పిల్లలు ఇప్పుడు డీజే బాణీకి తెలుగు మాటలు పేర్చి పాటలు కడుతున్నరు. తప్పు పట్టను. ఒక్క మాట అడుగుత: అవ్వ పాటలు నీకెన్ని వచ్చు? నాకు మా అవ్వ పాటలు మూడే వచ్చు. మిగిలినవి ఆమెతోనే పోయినయి. ఫోన్ చేతిల ఉంది, అవ్వ ఇంకా వాకిట్ల ఉంది. ఈ సెలవులల్ల ముందు ఆమె పాట రికార్డు చెయ్యి. ఆ బాణీల నీ కాలం మాట కట్టు. వెంకన్న చేసింది అదే.