బొంతలో ఎవరి చీర ఉంది?

తెలుగింట్లో పుట్టిన బిడ్డకు అందే మొదటి కానుక పాతబట్ట. పురుడు తీరేదాకా బిడ్డ ఒంటికి కొత్తబట్ట తగలనివ్వని ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. అమ్మమ్మ చీరలోంచి చింపిన పొత్తిగుడ్డలు, తాతయ్య పంచెలోంచి తీసిన పక్కగుడ్డలు, వాటి కింద మెత్తగా ఒక చిన్న బొంత. వెండి మొలతాడు, గిలకలు, కవర్లో పెట్టిన డబ్బు, ఇవన్నీ బారసాల నాటికి వస్తాయి. బొంత అప్పటికే రెండు మూడుసార్లు తడిసి, ఉతికి, ఆరి ఉంటుంది.

ఎందుకిలా అని అడిగితే పెద్దవాళ్లు దిష్టి అంటారు, మైల అంటారు. నాకు మాత్రం ఇందులో బట్ట సంగతి బాగా ఎరిగిన ఆడవాళ్ల తెలివే కనిపిస్తుంది. కొత్త నూలుబట్టలో నేతప్పుడు పట్టించిన గంజి ఉంటుంది. నిలవని రంగయితే అదీ ఉంటుంది. ఏళ్ల తరబడి ఉతికి, బండకేసి బాది, ఎండలో ఆరేసిన చీరలో ఆ రెండూ ఎప్పుడో పోయి ఉంటాయి. పోగు మెత్తబడి, కాస్త విచ్చుకుని, తడిని చప్పున పీల్చుకుంటుంది. పసివాళ్ల చర్మానికి ఇంతకంటే నప్పే గుడ్డ ఏ దుకాణంలో దొరుకుతుంది? దుకాణంలో పాతది అమ్మరు కదా.

బొంత అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, అదెలా తయారవుతుందో చెప్పాల్సిన రోజులు మాత్రం వచ్చాయి. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, మధ్యలో దూది పెట్టకుండా, అన్ని పొరలూ కలిసేలా చేత్తో కుట్టుకుంటూ పోతే బొంత అవుతుంది. రజాయిలో వెచ్చదనం దూది వల్ల వస్తుంది. ఇందులో పొరల మధ్య చిక్కుకుని కదలకుండా ఉండిపోయే గాలి వల్ల వస్తుంది. ఈ పని మనదొక్కటే కాదు. కర్ణాటకలో కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి అంటారు, బెంగాల్లో కాంథా, బీహార్‌లో సుజని. అక్కడ కూడా పుట్టబోయే బిడ్డ కోసం పాత చీరలు బయటికి తీస్తారు.

ఇందులో అన్నిటికన్నా ఓపిక కావలసిన పని చీరలు ఏరడం. చీరను కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడ బట్ట పలచబడిందో వెలుతురే చెబుతుంది. చీర అంతా ఒకేలా అరగదు. మడమల దగ్గర రాసుకునే కింది అంచు ముందు పోతుంది, కూర్చునే చోట బట్ట జల్లెడవుతుంది, కొంగు, లోపలికి దోపుకునే చెరగు చివరిదాకా గట్టిగా ఉంటాయి. అరిగిపోయినవాటిని లోపలి పొరలకు వేస్తారు, గట్టివాటిని పైకీ కిందికీ ఉంచుతారు. చిరుగులుంటే ముందే మాసికలు వేసుకోవాలి. జరీ అంచు ఎంత అందంగా ఉన్నా పసిబిడ్డ బొంత మీదికి రానివ్వకూడదు, గీరుకుంటుంది. వెంకటగిరి సన్ననేత చీర పై పొరకు శ్రేష్ఠం. మంగళగిరి చీర కాస్త బరువు, కింది పొరకు బాగుంటుంది. పాలియెస్టర్ చీరను దగ్గరికి రానివ్వకండి. అది తడిని పీల్చదు, పైన పడ్డ నీళ్లను పక్కకు పారబోస్తుంది.

ఆరు గజాల చీరంటే దాదాపు అయిదున్నర మీటర్లు, పన్నా ఒకటింపావుకు కాస్త తక్కువ. దాన్ని ఎనిమిది మడతలు వేస్తే ఒక మూరన్నర వెడల్పున, రెండున్నర మూరల పొడవున, ఎనిమిది పొరలతో పసిబిడ్డకు సరిపోయే బొంత చేతిలో ఉన్నట్టే. ఒకే చీర, కత్తెర పడనక్కర్లేదు. ఎనిమిది మరీ మందమనుకుంటే నాలుగు మడతలు వేసి పెద్దది కుట్టుకోవచ్చు. ఆరబెట్టడం ఒకటి గుర్తుంచుకోవాలి. పలచటి బొంత మధ్యాహ్నానికల్లా ఆరుతుంది. మందపు బొంత వానాకాలంలో రెండు రోజులైనా లోపల చెమ్మగానే ఉండి ముక్కవాసన పడుతుంది. పరుపుకన్నా బొంత మేలయింది ఉతుక్కోవడానికి వీలుండటం వల్లే కాబట్టి, ఆ వీలును మనమే పోగొట్టుకోకూడదు.

ఇక కుట్టు. సూది పైనుంచి కిందికి దిగి, కిందినుంచి పైకి రావడం, అంతే. బొంతకుట్టులో ఇంతకు మించిన మెలిక లేదు. అందుకే కుట్టే చెయ్యి ఎలాంటిదో ఇట్టే తెలిసిపోతుంది. గచ్చు మీద చాపలా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, నడుమనుంచి అంచులవైపు అరచేత్తో ముడతలు తోసి, ముందు కచ్చాకుట్టు వేసుకోవాలి. కొందరు ఈ అడుగు దాటేసి సరాసరి అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. చేయి తిరిగినవాళ్లకు చెల్లుతుంది. మిగతావాళ్లకు ఆఖరున నడుమ భాగంలో గుడ్డ పొంగి బుడిపెలా లేచి కూర్చుంటుంది, దాన్ని ఏ కుట్టూ అణచలేదు. నేనైతే నిలువు వరసలే మంచివంటాను. ఒక వరస వంకరపోయినా పక్క వరస దాన్ని దిద్దుతుంది.

వరసల మధ్య ఎడం ఎంత ఉండాలన్నదే అసలు విద్య. దగ్గరగా కుడితే బొంత గట్టిపడి ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ గాలికి చోటు తగ్గి పలచబడుతుంది. దూరంగా కుడితే మెత్తగా పొంగుతుంది, కానీ నాలుగు ఉతుకులకే లోపలి పొరలు జారి ఒక మూలకు ముద్ద కడతాయి. పెద్దవాళ్ల బొంతకు రెండు వేళ్ల ఎడం, పిల్లల బొంతకు ఒక వేలు. పిల్లలదానికి పై కుట్టు కూడా పొట్టిగా ఉండాలి. పొడుగు కుట్టు వేస్తే ఆ దారం వదులై పసివాళ్ల కాలివేలికి చుట్టుకుంటుంది. చంటిబిడ్డ ఊరికే గుక్కపెట్టి ఏడుస్తుంటే కాలివేళ్లు చూడమని పెద్దవాళ్లు అనడం వెనక ఇలాంటి అనుభవాలు ఉంటాయి.

దారం విషయంలో చాలామందికి ఉన్న భ్రమ, గట్టి దారం వేస్తే బొంత గట్టిగా ఉంటుందని. నిజం దానికి తలకిందులు. బట్టకన్నా దారం బలమైనదైతే, లాగుడు పడ్డప్పుడు దారం నిలిచి బట్టే కోసుకుపోతుంది. నైలాన్ దారం పాత చీరను చాకులా చీలుస్తుంది. నూలు దారాన్నే రెండు పోగులుగా వేసుకుంటే, తెగాల్సివస్తే అదే తెగుతుంది. మళ్లీ కుట్టుకోవచ్చు. బెంగాల్ ఆడవాళ్లు ఒకప్పుడు దారం కొనేవాళ్లే కాదు, చీర అంచులోంచి రంగుపోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్లు. బట్ట వయసు, దారం వయసు ఒకటే అన్నమాట. దారం చాచిన చెయ్యంత పొడవుంటే చాలు, ఇంకా పొడుగు తీస్తే చిక్కుపడి పనికి రెండింతల పొద్దు పోతుంది. దబ్బనం గోనెసంచులకే ఉంచండి, అది చేసే కంత పూడదు.

మిషన్ మీద కుడితే ఏమంటారా? కుట్టవచ్చు, గంటలో అయిపోతుంది. మామూలు మిషన్ పాదం పై పొరను ముందుకు తోస్తూ పోతుంది కాబట్టి పొరలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. ఒత్తుగా పడే కుట్టువల్ల బొంత అట్టలా బిగుసుకుంటుంది. చేతికుట్టులో దారం కాస్త వదులుగా, పొరలతోపాటే కదులుతుంది. ఎంత పనో లెక్క వేసి చూద్దాం. ఒక చీరను ఎనిమిది మడతలు వేసిన పసిబిడ్డ బొంతకు రెండేసి సెంటీమీటర్ల ఎడంతో వరసలు వేస్తే దాదాపు 40 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకొక కుట్టు చొప్పున 4,000 సార్లు సూది దిగి లేవాలి. నాలుగు చీరలతో మంచానికి సరిపోయే బొంతను ఇదే ఎడంతో కుడితే కుట్టు 300 మీటర్లు దాటుతుంది. ఈ లెక్క తెలిశాక బొంత మడత పెట్టేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

చేతిపనికి విలువ కట్టడానికి మనకు అలవాటైన దారులు వేరు. నరసాపురం లేసునే చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల నుంచి గోదావరి ఆడవాళ్లు నేర్చిన క్రోషా అల్లిక విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది, భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించింది. దాన్ని అల్లే ఆమె చేతికి దక్కేది ఎంత తక్కువో చెబుతూ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాశారు. ఊలుతో అల్లే చంటిపిల్లల టోపీలు, మేజోళ్లు కూడా మన ఇళ్లలో ప్రేమగా ఇచ్చేవే, కానీ వాటికి ఊలు కొనాలి, మన ఎండల్లో అవి వాడేది రెండు నెలలు. బొంతకు కొనేది దారం ఉండ ఒక్కటే. అమ్మకానికి పెడితే కొనేవాళ్లు తక్కువ. ఇంకొకరి నాయనమ్మ చీరతో మనకేం పని?

ఇందులోనే దాని విలువంతా ఉంది. బొంత ఇచ్చేవాళ్లు తమ పనిని మాత్రమే ఇవ్వరు, ఇంకొకరిని కూడా తెచ్చి అందులో కూర్చోబెడతారు. పై పొర అమ్మమ్మది, లోపల మేనత్త వోణీ, అట్టడుగున ఎప్పుడో పోయిన ముత్తవ్వ చీర. ఆమె చూడని మునిమనవడు ఆమె చీర మీద బోర్లా పడటం నేర్చుకుంటాడు. కుట్టేది కూడా ఒకరే కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలా ఒక అంచు పట్టుకుంటారు. ఏ వరస ఎవరిదో తర్వాత గుర్తుపట్టవచ్చు. పెద్దమ్మది చీమలబారు, పక్కింటి పిన్నిది కప్పగంతులు.

గుడ్డముక్కలు కలిపి కుట్టడానికి పూర్తిగా వేరే అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు. బౌద్ధ వినయపిటకంలో ఒక కథ ఉంది. మగధ పొలాలను, గట్లతో మళ్లు మళ్లుగా విడిపోయిన ఆ వరుసను బుద్ధుడు చూపిస్తే, శిష్యుడు ఆనందుడు అదే తీరున భిక్షువుల చీవరం కత్తిరించి కుట్టాడట. బట్టను ముక్కలు చేస్తే దాని వెల పోతుంది, దొంగ ఆశపడడు, తొడుక్కున్నవాడికీ మమకారం పుట్టదు. అమరావతిలో, నాగార్జునకొండలో తిరిగిన భిక్షువులకూ ఆ నియమమే వర్తించి ఉండాలి. వాళ్లు మమకారం తెంచుకోవడానికి ముక్కలు కుట్టుకున్నారు. ఆ కృష్ణ ఒడ్డునే మన అమ్మమ్మలు మమకారం తెగకుండా ఉండటానికి కుట్టారు. సూది మాత్రం ఒకటే.

బెంగాల్ కాంథాకు దక్కిన పేరు మన బొంతకు దక్కలేదు. గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ అధికారి ఊరూరా తిరిగి కాంథాలు సేకరించాడు. కోల్‌కతా శివార్లలోని జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో, మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం కుట్టిన కాంథా ప్రసిద్ధం. జసీముద్దీన్ అనే కవి 1929లో ఒక కాంథా చుట్టూ దీర్ఘకావ్యమే రాశాడు. మన బొంత మీద నెమళ్లు, రథాలు, సిపాయిలు లేరు. ఉత్త గీతలు. దీన్ని లోటని నేననుకోను. రంగు వెలిసిన చీరల మీద వంకరటింకర తెల్ల వరసలు దుక్కి దున్నిన చేనులా కనిపిస్తాయి, ఆ మాత్రం అందం చాలు. మ్యూజియం గోడకెక్కకపోవడానికి మరో కారణం, మన బొంతలు మిగలకపోవడం. చిరిగేదాకా వాడారు, చిరిగాక కాలిపట్టా చేశారు, అదీ అరిగాక పొయ్యి దగ్గర మసిగుడ్డ చేశారు.

ఇదంతా మురిపెంగా చెప్పుకుంటూ ఒకటి దాచిపెడితే అబద్ధమాడినట్టే. ఎన్నో ఇళ్లలో బొంత లేమికి గుర్తు. పరుపు కొనలేనివాళ్లు నులకమంచం మీద బొంత వేసుకున్నారు, చలికి కప్పుకోవడానికి అదొక్కటే ఉంటే పిల్లలు రాత్రంతా చెరో కొసా లాక్కున్నారు. చుట్టాలొస్తే దాన్ని అటకెక్కించిన ఇళ్లున్నాయి. చేతిలో నాలుగు డబ్బులాడగానే మొదట బొంతను వదిలించుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు, ఫోమ్ పరుపు మీద పడుకుని వ్యాసం రాసే నాకు లేదు.

బొంతను నిజంగా దెబ్బకొట్టింది పరుపు కాదు, చీర. రోజూ కట్టే నూలుచీర పోయి సింథటిక్ చీర వచ్చింది, తర్వాత నైటీ వచ్చింది. మిగిలిన చీరలను పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె తీసుకుపోయింది. రెండు చీరలకు ఒక గిన్నె. ఇప్పుడు బొంతలు ఎక్కువగా ప్రయాణం కట్టేది అమెరికాకేమో. కూతురి పురుడికి వెళ్లే అమ్మ సూట్‌కేసులో శొంఠి పొడి, ఇంగువ, కారప్పొడుల మధ్య మడతపెట్టిన బొంత తప్పకుండా ఉంటుంది. అక్కడి పిల్లల డాక్టర్లు ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే చోట వదులు దుప్పట్లు, దిళ్లు, మెత్తటి పక్కలు ఉంచవద్దని చెబుతారు. ఇక్కడి డాక్టర్లూ అదే చెబుతున్నారు, వినాలి. మెలకువగా ఉన్న బిడ్డను పెద్దవాళ్ల కళ్లెదుట నేల మీద ఆడించడానికి, నూనె రాయడానికి, ఒళ్లో వేసుకోవడానికి బొంతను మించింది లేదు. నిద్రపోతున్న బిడ్డ మీద కప్పడానికి మాత్రం కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా నెల తప్పిందని తెలిస్తే, సీమంతం దాకా ఆగకుండా చీరలు పోగుచెయ్యడం మొదలుపెట్టండి. ముందు స్టీలు సామాన్ల ఆమెకు ఇవ్వడానికి మూట కట్టిపెట్టినవాటిలో వెతకండి. తర్వాత అత్తవైపువాళ్లను కూడా అడగండి, ఒక్క వైపు చీరలతోనే కుడితే బారసాలలో ఆ మాట వినాల్సివస్తుంది. రోజుకు నాలుగు వరసల చొప్పున కుట్టినా పది రోజుల్లో అయిపోతుంది. పట్టుచీరలు మాత్రం అడగకండి. ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా చంటిబిడ్డ ఉచ్చకు అవి రెండు రోజులు ఆగవు.