పారే మాట

"ఇవాళ అరెకరం కూడా పారలేదండి. కరెంటు వస్తా పోతా ఉంది," అన్నాడు మా పక్కింటి రైతు, కాళ్ళకంటిన బురద అరుగు అంచుకి రాసుకుంటూ. కామవరపుకోటలో ఈ మాట వినని రోజుండదు. మాది మెట్ట. కిందికి దిగితే ఏలూరు, ఆ దిగువన కొల్లేరు, అక్కడ నీరు దానంతటదే వస్తుంది, ఒక్కోసారి వద్దన్నా వస్తుంది. ఇక్కడ మాత్రం పామాయిల్ తోటకైనా మొక్కజొన్న చేనుకైనా నీటిని నేల అడుగు నుంచి తోడుకోవాలి. అందుకే నీటి గురించిన మాటలు మా ఊళ్ళో ఒకటికి పది ఉంటాయి.

ఆ రైతు కూతురు ఏడో తరగతి. ఇంగ్లీషు వాచకం పట్టుకుని అదే అరుగు మీద కూర్చుంది. "మాస్టారండీ, కుళాయి ఎలా పరిగెడుద్దండీ?" అని అడిగింది. వాక్యంలో కుళాయికి 'రన్' అనే క్రియ వాడారు. రన్ అంటే పరిగెత్తడమని ఆ పిల్ల రెండో తరగతిలోనే నేర్చుకుంది. కుళాయి పరిగెత్తదమ్మా, నీళ్ళు కారుతున్నాయని అర్థం అన్నాను. ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసి, "మరి నాన్న పారలేదన్నాడు కదండీ, అదీ రన్నేనా?" అంది.

నలభై ఏళ్ళుగా ఈ రెండు భాషల మధ్యా తిరుగుతున్నవాణ్ణి. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ రాత్రే నిఘంటువులు తీశాను. మనుషుల చేతిపనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని, ఒక క్రియకి అర్థాలు రాయడమనే పనిని, మళ్ళీ ఒకసారి దగ్గరగా చూశాను.

నిఘంటువు రాసేవాడికి పెద్ద మాటలు కష్టం కాదు. పొడుగాటి శాస్త్రపదానికి ఒకే అర్థం ఉంటుంది, రెండు పంక్తుల్లో తేలిపోతుంది. చిన్న మాటలే చెమటలు పట్టిస్తాయి. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినప్పుడు, ముందుమాటలో కొన్ని క్రియలను పేరుపేరునా చెప్పి వీటిని పట్టుకోవడం ఎంత కష్టమో రాసుకున్నాడు. కమ్, గెట్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్, అన్నీ బడి పిల్లలకు వచ్చిన మాటలే. అందులో టేక్ ఒక్కదానికే ఆయన 134 అర్థాలు రాశాడు.

జాన్సన్ తర్వాత నూరేళ్ళకు, 1857లో, లండన్లో కొందరు భాషాభిమానులు ఇంకా పెద్ద పని తలపెట్టారు. అదే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు అయింది. మొదటి భాగం 1884లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1928. సంపాదకుడు జేమ్స్ మర్రే ఇంటి పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని పనిచేశాడు. దేశదేశాల నుంచి మామూలు పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఫలానా మాట ఫలానా సంవత్సరంలో ఈ వాక్యంలో ఇలా వాడారని చీటీల మీద రాసి పంపేవారు. ఆ చీటీలను బల్ల మీద కుప్పలుగా పోసి, ఏ చీటీ ఏ కుప్పలోదో తేల్చడమే పని. పోకని చెక్కలు చేసినట్టు మాటని చీల్చాలి. మరీ మందంగా చీలిస్తే రెండు అర్థాలు ఒకదానిలో ఉండిపోతాయి. మరీ పల్చగా చీలిస్తే అర్థం పొడై రాలిపోతుంది.

ఈ పనికి ఇటీవలి కాలంలో నాకు కనిపించిన శిఖరం 'రన్' ఆరోపం, అంటే నిఘంటువులో ఆ మాట కింద రాసిన భాగం. ఆ నిఘంటువును తిరగరాసే క్రమంలో పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. లేచేసరికి 645 అర్థాలు. 2011లో ఈ సంగతి పత్రికల్లో వచ్చింది. అంతకు ముందు 1989 కూర్పులో పెద్దపీట 'సెట్'ది, దానికి 430 అర్థాలుండేవి. సెట్‌ని రన్ దాటిపోవడానికి కారణం యంత్రాలు. రైలు వచ్చింది, మరమగ్గం వచ్చింది, మోటారు వచ్చింది, కంప్యూటరు వచ్చింది. కాళ్ళు లేని ప్రతి కొత్త వస్తువుకీ ఇంగ్లీషువాళ్ళు ఈ కాళ్ళున్న క్రియనే తగిలించారు.

సంఖ్య చూసి ముచ్చటపడటం సులువు. నన్ను పట్టి నిలిపింది ఆ అర్థాల వరస. ఆ నిఘంటువులో ప్రతి అర్థం కిందా తేదీలతో వాక్యాలుంటాయి, పాతది ముందు, కొత్తది వెనక. చదువుకుంటూ పోతే మాట ఎదిగిన తీరు కళ్ళకు కడుతుంది. కాళ్ళతో వేగంగా పోవడం, నీరు పోవడం, నీటి మీద ఓడ పోవడం, చక్రం తిరగడం, దుకాణం సాగడం. ఒక్కో అర్థం పక్కదాని నుంచి ఒక్క అడుగు దూరంలోనే ఉంటుంది. మొదటి అర్థాన్నీ ఆరువందలో అర్థాన్నీ పక్కపక్కన పెడితే సంబంధమే కనపడదు. మధ్యలో మెట్టు మెట్టూ ఎక్కినవాడికి ఎక్కడా గెంతు కనపడదు. ఆ మెట్లు కట్టడమే అసలైన పనితనం.

సరే, ఈ రన్ మా ఊరు వస్తే ఏమవుతుంది? ముక్కలు ముక్కలవుతుంది. నీళ్ళు పారతాయి. ముక్కు కారుతుంది. జంగారెడ్డిగూడెం బస్సు తిరుగుతుంది. కొట్టు నడుస్తుంది. మోటారు ఆడుతుంది, ఏలూరులో సినిమా కూడా ఆడుతుంది. చీర రంగు దిగుతుంది. ఊరి చివరి నుంచి రోడ్డు పోతుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరిగెడతాడు, మనవాడు నిలబడతాడు. ఈ నిలబడటం బ్రిటిషువాళ్ళ ఇంగ్లీషులోనూ ఉంది.

మనం ఇన్ని క్రియలు వాడతామని గొప్ప చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. దీని వెనక ఒక కారణముంది. ఇంగ్లీషులో తానే చేసే పనికీ ఒకడు చేయించే పనికీ తరచు ఒకే రూపం సరిపోతుంది. మిల్లు 'రన్' అవుతుంది, యజమాని మిల్లుని 'రన్' చేస్తాడు. అర్థాల లెక్క అక్కడ రెట్టింపవుతుంది. తెలుగు ఆ పనిని ప్రత్యయానికి అప్పగించింది. నడుచుకి నడుపు ఉంది, తిరుగుకి తిప్పు, ఆడుకి ఆడించు, పారుకి పారించు ఉన్నాయి. అర్థం పెరిగే చోట ఇంగ్లీషు కొత్త చీటీ రాసుకుంటుంది, తెలుగు క్రియ చివర కాస్త సాగుతుంది. నీటి విషయంలో మా రైతులు ఇంకా చిత్రమైన పని చేస్తారు. పారించడానికి వెళ్ళేవాణ్ణి "చేనుకి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడు" అంటారు. బోదెకి మట్టి అడ్డం కట్టి నీటిని మళ్ళిస్తాడు కాబట్టి కట్టడం. కడితేనే పారుతుంది.

పిల్ల ప్రశ్న ఇక్కడే మళ్ళీ ఎదురైంది. మిగిలిన క్రియలన్నీ రన్‌లో ఒక్కో ముక్కకే సరిపోతున్నాయి. పారు మాత్రం అలా లేదు. దీన్ని పాతరోజుల్లో బండి ఱతో పాఱు అని రాసేవారు. పాత కావ్యభాషలో పాఱు అంటే పరిగెత్తడం, పాఱు అంటే ప్రవహించడం. అంటే సరిగ్గా రన్ మొదలైన చోటే, ఆ రెండు అర్థాలతోనే, మన పాఱు కూడా మొదలయింది. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, కాళ్ళకీ నీళ్ళకీ ఒకే మాట చాలనుకున్నాయి.

ఇవాళ పరిగెత్తడమనే అర్థంలో పారడం వాడుక పోయింది. పూర్తిగా పోయిందా అని చూస్తే, దొంగ దగ్గర దొరికింది. దొంగ పారిపోతాడు. ఆ పారిపోవడంలో ఉన్నది పాత పరుగే. చంటిపిల్ల నడక రాకముందు పారాడుతుంది, అక్కడా కాళ్ళూ చేతులే పనిచేస్తున్నాయి. తర్వాత చూపు పారుతుంది, కనుచూపు పారినంత మేర అంటాం. ఎత్తు పారుతుంది, పాచిక పారుతుంది, పారకపోతే పన్నినవాడు దిగాలు పడతాడు. చివరికి మా పక్కింటి రైతు నోట్లో పొలమే పారుతుంది. "అరెకరం పారలేదు" అన్నాడు గాని అరెకరానికి నీళ్ళు పారలేదు అనలేదు. నీటి పని నేలకి బదిలీ అయింది. ఇంగ్లీషు పిల్లల పుస్తకంలో నీళ్ళకి బదులు కుళాయి పరిగెత్తడమూ సరిగ్గా ఇదే పద్ధతి. ఏడో తరగతి పిల్ల దాన్ని ఒక్క క్షణంలో పట్టేసింది.

ఇంకొకటి ఉంది, అది నాకు తెల్లవారుజామున దొరికింది. ఇంగ్లీషులో బావి ఎండిపోతే 'రన్ డ్రై' అంటారు. అక్కడ రన్‌కి పరుగూ లేదు, ప్రవాహమూ లేదు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడమే ఉంది. మనకు ఇలాంటిది ఉందా అని ఆలోచిస్తుంటే కిటికీలో వెలుగు కనపడింది. తెల్లవారుతోంది. వారు అన్నది పాఱే. ముందున్న మాటకు అతుక్కునేటప్పుడు ప కాస్తా వ అవుతుంది, కొన్ని చోట్ల బ అవుతుంది. తెల్లగా పాఱడమే తెల్లవాఱడం. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. ముఖం తెల్లబారుతుంది, వెండి నల్లబారుతుంది, కళ్ళు ఎర్రబారతాయి, కత్తి మొద్దుబారుతుంది, భయంతో మనిషి కొయ్యబారిపోతాడు. వానపాములు తిరిగితే నేల గుల్లబారుతుంది, ఉప్పునీరు తగిలితే చౌడుబారుతుంది, ఎండకు బీటలువారుతుంది. ఒక్క నేలకే మూడు పారుళ్ళు! పరుగుతో మొదలైన మాట నీటిలో దిగి, నీటిలోంచి రంగుకీ రాయికీ మట్టికీ పాకి, మార్పు అనే అర్థం దాకా వచ్చింది. రోజూ పొద్దున తెల్లారిందంటున్నాం, అందులో ఒక పరుగు ఉందని ఎవరికీ గుర్తుండదు.

మా మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. రెండువేల ఏళ్ళకు పైబడినవి. అక్కడ కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యంలోకి వెళ్ళి తల పైకెత్తి చూడండి. పైకప్పు లోపలంతా గుడిసె వాసాల్లా రాతిని చెక్కారు. నిజానికి ఆ వాసాలు దేన్నీ మోయడం లేదు. కొండే కప్పు, దానికి వాసాలెందుకు? ఆ చెక్కినవాళ్ళ చేతులకు కర్ర ఇళ్ళు తెలుసు. రాతిలోకి మారినా కప్పు అంటే వాసాలతోనే ఉండాలని ఆ చేతులు గుర్తుపెట్టుకున్నాయి. తెల్లవారడంలోని వారు నాకు ఆ రాతివాసంలా కనపడుతుంది. బరువు మోసే పని ఎప్పుడో అయిపోయింది, రూపం మాత్రం చెక్కుచెదరలేదు. మంచి నిఘంటుకారుడు మనల్ని అలా లోపలికి తీసుకెళ్ళి, దీపం ఎత్తి పట్టుకుని, పైన చూడమంటాడు.

మనకు అలాంటివాళ్ళు లేకపోలేదు. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యభాష పక్కనే వాడుక మాటకీ చోటిచ్చాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో శబ్దరత్నాకరం తెచ్చారు. 1991లో గ్విన్ నిఘంటువు ఆధునిక తెలుగుని మన రోజుల రూపంలో పట్టింది. నా మటుకు నాకు అన్నిటికన్నా దగ్గరిది భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయం సంపుటం. పుస్తకాల్లోంచి కాకుండా జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి రైతుల నోటి నుంచి మాటలు తీసుకున్నారు. నాగలిలో ఒక్కో భాగాన్ని ఒక్కో చోట ఏమంటారో చూస్తుంటే రాష్ట్రమంతా కాలినడకన తిరిగినట్టుంటుంది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాళ్ళ మాటలకు అంత మర్యాద దక్కడం చూస్తే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఆ సంపుటాలు ప్రధానంగా వస్తువుల పేర్లవి. మన చిన్న క్రియలకు ఇంకా తొమ్మిది నెలల కూర్చోవడం బాకీ ఉంది. పారు, పట్టు, పడు, ఆడు. ఆడు ఒక్కటి చూడండి: మోటారు ఆడాలి, ఊపిరి ఆడాలి, చేతిలో డబ్బు ఆడాలి, గానుగ ఆడించాలి, బేరమాడాలి, అబద్ధమాడకూడదు. కష్టం వచ్చిననాడు కాలూ చెయ్యీ ఆడవు. గర్భిణి నీళ్ళాడితే ఊరంతా సంతోషిస్తుంది. వీటన్నిటికీ తేదీలు వేసి, మెట్లు కట్టి, ఏ వాక్యం ఎవరి నోట పుట్టిందో పక్కన రాసిపెట్టే మనిషి కావాలి. బోరు దగ్గర నిలబడి వినే ఓపిక కూడా ఆ మనిషికి ఉండాలి. యంత్రాలు వచ్చాక రన్ ఎలా పెరిగిందో, కరెంటు మోటారు వచ్చాక మన ఆడు, పారు కూడా అలా పెరిగి ఉంటాయని నా నమ్మకం. అది చీటీల మీద నిలబెట్టి చూపించవలసిన సంగతి.

ఆ పిల్లకి ఒక నోటుపుస్తకం కొనిచ్చాను. ఎడమవైపు ఎవరన్నారో, కుడివైపు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయమన్నాను. మొదటి పుటలో వాళ్ళ నాన్న అరెకరం ఉంది. రెండో పుటలో పాలు తెచ్చే ఆమె, గిన్నెలో మిగిలినవి పారబోయకండని చెప్పిన మాట ఉంది. ఆ తర్వాత తెల్లవారడం సంగతి చెబితే పిల్ల చాలాసేపు నమ్మలేదు. వ కింద ప ఉందని కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది.

మొన్న రాత్రి కరెంటు బాగా ఇచ్చినట్టున్నారు. పొద్దున్నే పలుగు భుజాన వేసుకుని వచ్చాడు రైతు, కళ్ళు ఎర్రబారి ఉన్నాయి, ముఖం మాత్రం విప్పారి ఉంది. "తెల్లారేసరికి ఎకరమూ పారిందండి," అన్నాడు.

పిల్ల ఆ వాక్యాన్ని పుస్తకంలో రాసుకుని, రెండు చోట్ల కింద గీత గీసింది.