గంగాధర్‌కే నా ఓటు

శక్తిమాన్ సీరియల్ అనగానే చాలామందికి ఆ సూపర్‌హీరో గిర్రున తిరగడమే గుర్తు. నాకు మాత్రం అతని మారువేషం గంగాధర్. సోడాబుడ్డి కళ్లద్దాలు, ఎత్తుపళ్లు, నూనె కారే తల, బారెడు పేరు: పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ‘ఆజ్ కీ ఆవాజ్’ పత్రికలో ఫొటోగ్రాఫరు ఉద్యోగం.

1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో ఆ సీరియల్ మొదలయ్యేనాటికి మా కోనసీమ ఇంకా తుపాను దెబ్బలోనే ఉంది. అంతకు ముందటేడు నవంబరులో కూలిన కొబ్బరి తోటల్లో అప్పుడప్పుడే కొత్త మొక్కలు వేస్తున్నారు. టీవీ ఉన్న ఇంటికి వీధి పిల్లలమంతా చేరేవాళ్లం. డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా?” అంటే, కిందనుంచి “ఇంకాస్త గోదారి వైపు!” అని కేకలు.

హిందీ అంటే మాకు 20 మార్కులొస్తే గట్టెక్కే సబ్జెక్టు. విలన్ తమరాజ్ కిల్విష్ చీకటి గురించి ఏం గర్జించాడో సగం అర్థమయ్యేది కాదు. గంగాధర్ రాగానే మాత్రం గదంతా నవ్వు. ఎందుకంటే ఆ హాస్యం మాటల్లో లేదు. మెడ ముందుకు సాగేది, భుజాలు జారిపోయేవి, నడకలో కాళ్లు ఒకదాన్నొకటి అడ్డుకునేవి. అదే మనిషి వెన్ను నిటారు చేసేసరికి శక్తిమాన్! మన పగటివేషగాళ్ల విద్య ఇది. రంగుకన్నా ముందు ఒళ్లు మారాలి.

అమెరికాలో 1966 నాటి ‘బ్యాట్‌మన్’ సీరియల్లో ఆడమ్ వెస్ట్‌ది ఇంకో దారి. ఎంత వెర్రి మాటనైనా వేదం చదివినంత గంభీరంగా అనేస్తాడు. గొప్ప పనే, కానీ ఇంగ్లీషు రాకపోతే ఆ నవ్వు సగం పోతుంది.

గంగాధర్‌గా, శక్తిమాన్‌గా వేసిన ముకేశ్ ఖన్నా అంతకుముందు బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో భీష్ముడు. మా నాయనమ్మకు ఆయన చివరిదాకా భీష్ముడే. “పితామహుడికి ఇదేం ఖర్మరా” అనేది, ఎత్తుపళ్లు చూసి. భీష్మ ఏకాదశి రథోత్సవానికి అంతర్వేది తీసుకెళ్తే మేం శక్తిమాన్ స్టిక్కర్ల కోసం ఏడ్చేవాళ్లం. గంగాధర్ స్టిక్కర్ ఎవడూ అడగలేదు, నేనూ అడగలేదు.

గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. అది వేరే నవ్వు, దాన్ని లెక్కలోకి తీసుకోను. వశిష్ఠ గోదావరికి అవతల పాలకొల్లు నుంచి వచ్చిన ప్రశాంత్ వర్మ 2024లో ‘హను-మాన్’ అనే సూపర్‌హీరో సినిమా తీశాడు. గ్రాఫిక్స్ ఎక్కడికో వెళ్లాయి, కామెడీ మాత్రం ఎక్కువగా మాటల మీదే నడిచింది. పాత శక్తిమాన్ భాగాలు దొరికితే ఓసారి టీవీ సౌండు పూర్తిగా తగ్గించి గంగాధర్ సీన్లు చూడండి. హిందీ రాని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.